మంచులో ఇత్తడి కొంగ

టెలివిజన్‌లో కార్యక్రమం మొదలు కాగానే టెలివిజన్ కట్టేసే మనుషులు లోకంలో ఉన్నారంటే ఎవరూ నమ్మరు. ఏటా ఏప్రిల్‌లో ఒక శనివారం స్కెల్బీ మెథడిస్టు చర్చి వెనక హాలుకి వెళ్తే కనిపిస్తారు. ఎక్కువమంది మగవాళ్లే, ఎక్కువమంది పింఛను మీద బతికేవాళ్లే. సంచుల్లో పాత వీడియో టేపులు వేసుకొస్తారు. తెర మీద ఎప్పుడో మూతపడిన ఒక ప్రాంతీయ స్టేషన్ గుర్తు వస్తుంది. ఒక ఓడ వస్తుంది, లేదా ఒక కోట, లేదంటే ఎక్కణ్నుంచో నాలుగు వెండి గీతలు దూసుకొచ్చి కలిసి ఒక అక్షరమవుతాయి. వెనక బాకాలు మోగుతాయి. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆ గుర్తు పోయి అసలు కార్యక్రమం మొదలవబోతుందనగా ఎవరో ఒకరు లేచి టేపు ఆపేస్తారు. చప్పట్లు కొడతారు. ఆ తర్వాత టీ తాగుతారు.

నవ్వేవాళ్లు నవ్వుతారు. వాళ్ల భార్యలే నవ్వుతారు. కానీ ఆ రోజుల్లో జిల్లాకో స్టేషన్ ఉండేది, సాయంత్రం మన స్టేషన్ గుర్తు తెర మీదకి వచ్చిందంటే బడి అయిపోయిందని, నాన్న వచ్చాడని, తలుపులు వేసేశారని అర్థం. ఇప్పుడన్నీ కలిసిపోయి దేశమంతటికీ ఒకటే గుర్తు. అది చూస్తే మనం ఏ ఊళ్లో ఉన్నామో కూడా తెలీదు.

ఆ ఏడాది సభలో ప్రశ్నల వేళకి నెవిల్ హార్గేట్ లేచి నిలబడ్డాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, స్కెల్బీలోనే పుట్టి అక్కడే నలభై ఏళ్లు కళ్లద్దాల దుకాణం నడిపినవాడు. అతను లేవగానే వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు, ఎవరో ముసిముసిగా నవ్వారు. నెవిల్ ఏం అడుగుతాడో అందరికీ తెలుసు. ఏటా అదే అడుగుతాడు.

మార్ష్‌లాండ్ టెలివిజన్ గుర్తు ఒక ఇత్తడి కొంగ. నల్లటి తెర ముందు నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి, ముక్కు మనవైపు రాగానే ఆగి, ఒక రెక్క విప్పుతుంది. అది అందరూ చూసినదే. నెవిల్ అడిగేది ఆ కొంగ గురించి కాదు. మంచు కురుస్తుండగా తిరిగే కొంగ గురించి. చిన్నప్పుడు తాను చూశానని, క్రిస్మస్ రోజుల కోసం వేరే తీసి ఉంటారని, ఆ ఫిల్ము ముక్క ఎవరి దగ్గరైనా ఉందా అని అతను అడుగుతాడు. ఈ గుర్తుల ప్రేమికుల సంఘం పత్రికలో దాని మీద రెండు పేజీలు రాశాడు కూడా. మంచు ఎలా పడింది, కొంగ వీపు మీద ఎలా పేరుకుంది, రెక్క విప్పగానే ఎలా రాలింది, అన్నీ బొమ్మ గీసి మరీ చూపించాడు. ఆ వ్యాసం మీద పెద్ద చర్చే నడిచింది. ఆ మంచు సబ్బు తురుమా, కాగితం ముక్కలా అని నాలుగు సంచికల పాటు కొట్టుకున్నారు. ఎవరి దగ్గరా ఫిల్ము మాత్రం దొరకలేదు.

ఆ ఏడాది సమాధానం చెప్పడానికి ఆల్విన్ క్రాబ్‌ట్రీ లేచాడు. సంఘంలో అతని మాటే శాసనం. దేశంలో ఏ స్టేషన్ గుర్తు ఏ నెలలో మారిందో నిద్రలో అడిగినా చెప్తాడు. కొంగల బొమ్మలున్న టై కట్టుకుని వచ్చాడు పాపం, నెవిల్ కోసమే.

కొంగని తయారు చేసిన ముసలాయన్ని పోయే ముందు తాను స్వయంగా కలిశానని ఆల్విన్ చెప్పాడు. ఆ కొంగని ఒకే ఒక్కసారి, ఒకే మధ్యాహ్నం ఫిల్ము తీశారట. మంచు లేదు, క్రిస్మస్ లేదు, రెండో ఫిల్మే లేదు. చెప్పి కూర్చోబోయి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు నిలబడ్డాడు.

"ఇంకో సంగతి నెవిల్. నువ్వు పెరిగింది ఇక్కడే, స్కెల్బీలోనే కదా?"

"అవును, కాస్టర్ వీధిలో."

"స్కెల్బీకి మార్ష్‌లాండ్ వచ్చేదే కాదయ్యా. మధ్యలో కొండలున్నాయి. ఇదంతా రిడ్జ్ టెలివిజన్ ప్రాంతం. మోగే మూడు చర్చి గంటలు వాళ్ల గుర్తు. నీకు మంచు కురిసే కొంగ కాదు, మామూలు కొంగ కూడా కనిపించడానికి వీల్లేదు."

హాల్లో నవ్వులు లేచాయి. చెడ్డ నవ్వులేం కావు. ఆల్విన్ కూడా నవ్వుతూ వచ్చి నెవిల్ చేతిలో ఒక టేపు పెట్టాడు. అందులో అసలు కొంగ శుభ్రంగా ఉందని, ఇంటికెళ్లి తనివితీరా చూసుకోమని భుజం తట్టాడు. నెవిల్ కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు. బిస్కెట్ టీలో ముంచాడు. అది మెత్తబడి విరిగి కప్పులో పడిపోయినా తీయలేదు.

తిరిగి వెళ్లేటప్పుడు కారు అతని భార్య గ్లెనిస్ నడిపింది. మార్చిలో నెవిల్ సూపర్‌మార్కెట్ దగ్గర కారు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి బస్సెక్కి ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆమే నడుపుతోంది. ఆ సంగతి ఇద్దరూ నవ్వులాటగా చెప్పుకుంటారు గానీ, ఎవరికీ నవ్వు రాదు.

"వాళ్లన్నారని మనసులో పెట్టుకోకు" అంది ఆమె. "వాళ్లకి వేరే పనేముంది?"

"ఆల్విన్ తప్పు చెప్పడు."

"అయితే ఇంకెక్కడో చూసుంటావు. ఎవరింట్లోనో."

"లేదు. మా ఇంట్లోనే. మా అమ్మ ఒళ్లో కూర్చుని."

గ్లెనిస్ గేరు మార్చింది. ఆమెకి ఆ కథ తెలుసు. అసలు నెవిల్‌కి కావలసింది కొంగ కాదని కూడా తెలుసు.

నెవిల్‌కి ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ విన్నీ చనిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె మాట ఎత్తినవాళ్లు లేరు. నాన్న ఎత్తలేదు, ఎత్తనివ్వలేదు. ఫోటోలు రెండే ఉన్నాయి. రెండింట్లోనూ టోపీ నీడ పడి ముఖం సగమే కనిపిస్తుంది. గొంతు గుర్తులేదు, నడక గుర్తులేదు. నెవిల్‌కి అమ్మ అంటే ఉన్నది ఒక్క జ్ఞాపకం. గదిలో దీపం లేదు. టెలివిజన్ వెలుగు ఒక్కటే. కింద దుప్పటి వెచ్చగా ఉంది, వెనక అమ్మ. తెర మీద మంచు కురుస్తుంటే మంచులోంచి కొంగ మెల్లగా తిరుగుతోంది. అమ్మ అతని జుట్టులోకి ఏదో గొణుగుతోంది. మాటలు తెలియవు. ఆ గొణుగుడు మాత్రం అతని వీపుకి తెలుస్తోంది. అంతే. అరవై రెండేళ్లుగా అతను ఆ మాటలేమిటా అని వింటూనే ఉన్నాడు.

మంచు ఉందని తేలితే అమ్మ కూడా ఉన్నట్టు. మంచు అబద్ధమైతే? ఉన్న ఒక్క జ్ఞాపకం కూడా ఆరేళ్ల పిల్లాడు ఎక్కడో చూసిన క్రిస్మస్ కార్డుని, ఎవరో చెప్పిన మాటని కలిపి కుట్టుకున్న కథ అయితే? నెవిల్ భయమల్లా అదే. కారు ఎక్కడ పెట్టాడో మరిచిపోయిన బుర్ర, లేనిదాన్ని ఉందనుకోలేదని నమ్మకమేమిటి?

వారం రోజులు అతను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత గరాజ్‌లోకి దూరాడు.

ఆ గరాజ్‌లో కారు ఏనాడూ లేదు. గోడల పొడుగునా పాత టెలివిజన్లు, టేపుల పెట్టెలు, వైర్లు. నెవిల్ తోటలోంచి ప్లాస్టిక్ కొంగని పీక్కొచ్చాడు. చెరువులో చేపల్ని ఎత్తుకుపోయే అసలు కొంగల్ని భయపెట్టడానికి గ్లెనిస్ కొన్న కొంగ అది. దానికి బంగారు రంగు వేశాడు. పాత గ్రామఫోను పళ్లెం మీద నిలబెట్టి వెనక నల్ల దుప్పటి కట్టాడు. నిచ్చెన మీదికెక్కి పిండి జల్లెడతో మైదాపిండి జల్లడం మొదలుపెట్టాడు. ఆల్విన్ చెప్పింది తప్పనీ, ఇలా తీయడం సాధ్యమేననీ నిరూపించాలని అతని ఉద్దేశం.

గ్రామఫోను మరీ వేగంగా తిరిగింది. కొంగ రెండుసార్లు ఎగిరి గోడకి తగిలింది. మూడోసారికి తాళ్లు కట్టి కూర్చోబెట్టాడు. పిండి బాగానే పడింది. కొంగ వీపు మీద పేరుకుంది, చుట్టూ కుప్పపడింది, పత్రికలో గీసిన బొమ్మలాగే వచ్చింది. నెవిల్ నిచ్చెన దిగి, దూరంగా నిలబడి, కళ్లు సగం మూసుకుని చూశాడు.

ఇది కాదు.

మళ్లీ జల్లాడు, మళ్లీ చూశాడు. ఎక్కడ తేడా ఉందో మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడున్న రంగు డబ్బా మీద కూలబడ్డాడు. పిండి పైనుంచి కిందికి పడుతోంది. మంచు ఎక్కడైనా అలాగే పడుతుంది. కానీ అతని జ్ఞాపకంలో మంచు పడటం లేదు. ఉన్నచోటే ముసురుకుంటోంది. పైకీ లేస్తోంది, పక్కకీ పోతోంది, ఎక్కడా పేరుకోవడం లేదు. కొంగ వీపు మీద పేరుకున్న మంచు, రెక్క విప్పగానే రాలిన మంచు, అవన్నీ పత్రికలో రాసేటప్పుడు తాను చేర్చినవే. రాసీ రాసీ, చెప్పీ చెప్పీ తనే నమ్మేశాడు. అవి తీసేస్తే మిగిలిందేమిటి? కింద పడని మంచు. లోకంలో అలాంటి మంచు ఉంటుందా?

గ్లెనిస్ తలుపు తీసేసరికి లోపలంతా తెల్లగా ఉంది. నెవిల్ కనుబొమల మీద కూడా పిండి ఉంది.

"ఆదివారం పుడ్డింగుకి దాచుకున్న పిండి అది" అంది, దగ్గుతూ.

"అంతా నేనే కల్పించుకున్నాను గ్లెనిస్."

ఆమె అతని ముఖం చూసింది. లోపలికొచ్చి పక్కన ఇంకో డబ్బా మీద కూర్చుంది. అతని కనుబొమల మీది పిండి తుడుస్తూ అడిగింది. "మీ అక్కని ఎప్పుడైనా అడిగావా?"

నెవిల్ తల అడ్డంగా ఊపాడు.

"ఆల్విన్‌ని అడిగావు. ఊరూరా ఉన్న ముక్కూ మొహం తెలీని వాళ్లకి రాసి అడిగావు. డోరీన్‌ని అడగలేదా?"

"అడిగితే లేదంటుంది."

"ఉందనొచ్చు కదా."

"లేదంటే? తనకి అమ్మ పదిహేనేళ్లు ఉంది గ్లెనిస్. తను లేదంటే ఇంక లేనట్టే. నాకు ఇంకో జ్ఞాపకం లేదు."

చెప్పేసి సిగ్గుపడి, లేచి చీపురు కోసం వెతికాడు. గ్లెనిస్ ఆ విషయం మళ్లీ ఎత్తనని మాటిచ్చింది. మాటైతే ఇచ్చింది.

డోరీన్ ప్రతి నెలా మొదటి ఆదివారం భోజనానికి వస్తుంది. డెబ్భై ఏడేళ్ల మనిషి, నిటారుగా నడుస్తుంది, ఎవరి మీదా నమ్మకం లేక తన కత్తీ ఫోర్కూ కూడా తనే తెచ్చుకునే రకమని గ్లెనిస్ ఎగతాళి చేస్తుంది. బంగాళాదుంపలు సరిగ్గా వేగలేదంటుంది, అంటూనే మూడోసారి వడ్డించుకుంటుంది. తమ్ముడి టేపుల పిచ్చి గురించి ఆమె అభిప్రాయం ఎప్పుడో చెప్పేసింది, మళ్లీ మళ్లీ చెప్పదు.

ఆ ఆదివారం పుడ్డింగు లేదు. ఎందుకు లేదని డోరీన్ అడిగింది. గ్లెనిస్‌కి కావలసింది అదే.

"పిండంతా నీ తమ్ముడు కొంగ మీద జల్లాడు" అంది.

నెవిల్ గ్రేవీ జగ్గు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. భార్య వైపు చూసిన చూపులో బతిమాలడమూ ఉంది, కోపమూ ఉంది. గ్లెనిస్ ఆ చూపు చూడనట్టు తల వంచుకుని క్యారెట్లు కోసుకుంటూ మొత్తం చెప్పేసింది. మంచు, కొంగ, అమ్మ ఒడి, ఆల్విన్ చెప్పిన కొండలు, గరాజ్, అన్నీ చెప్పింది. 

డోరీన్ నోట్లో ఉన్నది నమిలి మింగింది. రుమాలుతో పెదాలు తుడుచుకుంది.

"ఒళ్లో కాదు" అంది.

నెవిల్ జగ్గు కింద పెట్టాడు. అయిపోయిందనుకున్నాడు. 

"ఒళ్లో ఎక్కడ కూర్చుంటావురా, తను లేవలేకపోతేనూ? పక్కలో. మంచం ముందు గదిలోకి దించాం కదా, మెట్లెక్కలేదని. నువ్వు గోడకీ తనకీ మధ్య దూరేవాడివి. ఎంత లాగినా వచ్చేవాడివి కాదు."

డోరీన్ ఇంకో బంగాళాదుంప వడ్డించుకుంది.

"ఇంకా అది చలికాలం కాదు, ఆగస్టు. కిటికీలన్నీ తీసి పెట్టినా ఉడికిపోయేవాళ్లం."

"ఆగస్టులో మంచేమిటి?" అన్నాడు నెవిల్. 

"మంచని ఎవరు చెప్పార్రా నీకు? అవి చుక్కలు. బొమ్మ సరిగ్గా రాక తెరనిండా చుక్కలు. ఈగలు ముసిరినట్టు ఒకటే చుక్కలు, గుయ్యిమని మోత. ఆ చుక్కల మధ్య నీ కొంగ."

ఆ తర్వాత డోరీన్ చెప్పింది. అరవై రెండేళ్లలో అమ్మ గురించి ఆమె అంతసేపు మాట్లాడటం అదే మొదలు. అమ్మది కొండలకి అవతల సాల్ట్‌ఫెన్. చిత్తడి నేలల వైపు, సముద్రం ఒడ్డు. పెళ్లయి ఇటు వచ్చింది. ఆరోగ్యం పాడయ్యాక, ఇంక బాగుపడదని తెలిశాక, ఏమన్నా కావాలా అని నాన్న అడిగితే తన ఊరి టెలివిజన్ పెట్టమంది. నాన్న నిచ్చెనంటే భయపడే మనిషి. ఇంట్లో బల్బు మార్చాలన్నా పక్కింటాయన్ని పిలిచేవాడు. అలాంటివాడు కప్పు మీదికెక్కి, పొగగొట్టం పట్టుకుని, రిడ్జ్ స్టేషన్ వైపు చూస్తున్న టెలివిజన్ ఏరియల్‌ని కొండల వైపు తిప్పాడు. కింద నిచ్చెన పట్టుకుంది డోరీనే. బొమ్మ వచ్చీ రానట్టు వచ్చింది. ఇంకాస్త ఇటు తిప్పనా, అటు తిప్పనా అని నాన్న పైనుంచి అరుస్తుంటే, అమ్మ లోపల్నుంచి బాగానే ఉంది దిగమని చెప్పింది. అంత్యక్రియల మర్నాడు నాన్న మళ్లీ ఎక్కి ఏరియల్‌ని యథాప్రకారం తిప్పేశాడు. అప్పుడూ నిచ్చెన పట్టుకుంది డోరీనే.

ఆ శనివారం హాల్లో ఆల్విన్ దగ్గర ఏ స్టేషన్ ఎక్కడిదాకా వస్తుందన్న లెక్క ఉంది. నెవిల్ దగ్గర మంచు ఉంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఉంటే ఆ పాతిక ముప్ఫై మందిలో ఎవరికైనా క్షణంలో తెలిసిపోయేది. చుక్కలంటే ఏమిటో వాళ్లకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు? కానీ నెవిల్ మంచన్నాడు, బొమ్మ గీసి చూపించాడు. వాళ్లు సబ్బు తురుము దగ్గరే ఆగిపోయారు.

"నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు నెవిల్.

"నీకు తెలుసనుకున్నా. ఆ పక్కలో ఉన్నది నువ్వే కదా." డోరీన్ రుమాలు మడతపెట్టింది. "నువ్వు అడగలేదు. ఎవరూ అడగలేదు."

నెవిల్‌కి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మంచు నిజం, మంచు కాదు. అమ్మ నిజం, ఒడి కాదు. ఇన్నేళ్లూ చలికాలం అనుకున్నది ఆగస్టు అయింది. ఒక ఇంట్లోంచి సామానంతా ఇంకో ఇంట్లోకి మార్చి, దేన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మధ్యలో నిలబడ్డట్టుంది అతనికి. ఉన్నట్టుండి లేచి గరాజ్ వైపు నడిచాడు. ఆడవాళ్లిద్దరూ వెనకే వెళ్లారు.

గరాజ్‌లో ఇంకా పిండి వాసన వస్తోంది. నెవిల్ పాత టెలివిజన్ ఒకటి ముందుకు లాగి, వీడియో ప్లేయర్‌ని తీగతో దాని ఏరియల్ రంధ్రానికి కలిపి, ఆల్విన్ ఇచ్చిన టేపు పెట్టాడు. డోరీన్ కుర్చీలో దుమ్ము దులుపుకుని కూర్చుంది. బాకాలు మోగాయి, వెనక హార్పు తీగలు. నల్లటి తెర ముందు ఇత్తడి కొంగ మెల్లగా తిరిగింది, ఈకల మీద గీతలతో సహా స్పష్టంగా. నెవిల్ అలవాటుగా చెయ్యి చాపి టేపు ఆపేశాడు. అతనికి ఏమీ అనిపించలేదు. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు, ఆ శుభ్రమైన కొంగని చూసి.

"అంత బాగా ఎప్పుడొచ్చిందిరా మనకి?" అంది డోరీన్. "పాడు చెయ్యి దాన్ని."

నెవిల్ టేపుని వెనక్కి తిప్పాడు. టెలివిజన్ వెనక్కి చెయ్యి పోనిచ్చి తీగని కొంచెం బయటికి లాగాడు. తెరంతా బుసబుసమంది. ఇంకొంచెం లోపలికి తోశాడు.

"అక్కడే ఉంచు" అంది డోరీన్.

చుక్కలు ముసురుకున్నాయి. పైకీ, పక్కకీ, ఎక్కడా పేరుకోకుండా. వాటిలోంచి కొంగ వచ్చింది, వస్తూనే పోతూ, పోతూనే వస్తూ. నెవిల్ తీగని అలాగే పట్టుకుని, టెలివిజన్ పక్కన వంగి, తల మాత్రం తెర వైపు తిప్పి చూశాడు. గ్లెనిస్‌కి అతని చెవి ఎర్రబడటం కనిపించింది. ఆమె కళ్లు తుడుచుకుని, పిండి పడిందని చెప్పింది. ఎవరూ అడగలేదు.

కొంగ ముక్కు ఇటు తిరిగింది. రెక్క విప్పింది. బాకాలు ఆగాయి. నెవిల్ రెండో చెయ్యి దానంతటదే ప్లేయర్ మీదికి పోయింది, ముప్ఫై ఏళ్ల అలవాటు కదా. కొంగ అయిపోయింది, ఇంక ఆపాలి.

"ఆపకు" అంది డోరీన్. "అమ్మ చూసేది దీనికోసమే."

"దేనికోసం?"

"కొంగ కోసం అనుకున్నావా? కొంగ తర్వాత వచ్చేదాని కోసం."

నెవిల్ వేలు బటన్ మీదే ఆగిపోయింది. కొంగ తర్వాత ఏముంటుందో అతనికి తెలీదు. ఆల్విన్‌కీ తెలీదు. ఈ కొంగ టేపు సంఘంలో అందరూ చూసినదే, ఎవరూ ఎప్పుడూ ఇంతకంటే ముందుకి పోనివ్వలేదు.

చుక్కల మధ్య ఒక మనిషి ఆకారం కనబడింది. కోటు, టై, ముఖం లేదు. మోతలోంచి అతని గొంతు సన్నగా వచ్చింది. శుభసాయంత్రం అన్నాడు. తర్వాత ఒడ్డు పొడుగునా సముద్రం పోటు వేళలు చదవడం మొదలుపెట్టాడు. ఒక ఊరి పేరు, దానికో వేళ. ఇంకో ఊరి పేరు, దానికో వేళ. తాపీగా, ఎవరైనా రాసుకుంటారేమో అన్నట్టు.

"మామయ్యది రొయ్యల పడవ" అంది డోరీన్. "ఏ వేళకి పడవ దింపుతాడో, ఏ వేళకి తిరిగొస్తాడో అమ్మ లెక్కేసుకునేది. టీవీలో ఈ మనిషి చదువుతుంటే తనూ అతని వెనకే చదివేది."

"పైకా?"

"పైకేం కాదు. నువ్వు నిద్రపోతావని మెల్లగా. నీ జుట్టులోకి."

సాల్ట్‌ఫెన్, అన్నాడు తెర మీది మనిషి. సాయంత్రం ఏడుంపావు.

సాల్ట్‌ఫెన్, అని డోరీన్ పెదాలు కదిలాయి. సాయంత్రం ఏడుంపావు.

నెవిల్ తీగ వదల్లేదు. చిన్నప్పుడు అమ్మ పక్కలో దూరినట్టే అటు తిరిగి గోడకి ముఖం పెట్టి, వీపు అక్క వైపు ఉంచి, అలాగే నిలబడి విన్నాడు.